సింహాసనం ఎవరి పేరున?

ఆస్థాన లేఖకుడు శరభయ్య పత్రాలన్నీ తాను కల్పించిన లిపిలోనే రాసేవాడు. వాటిని చదవాలన్నా ఆయనే దిక్కు. దొంగలకు అర్థం కాదు, అదే భద్రత అని రాజును నమ్మించాడు.

ఒకనాడు తాటాకులమ్మే సుంకులమ్మ చేను పత్రం చూసి శరభయ్య, "ఈ చేను నా బావమరిదిదని ఉందే!" అన్నాడు. ఆమె నేరుగా సభకు వెళ్లింది.

"మహారాజా, నా చేను సంగతి తర్వాత. తమరి పట్టాభిషేక పత్రమూ ఈయనే రాశారుగా? అందులో ఎవరి పేరుందో చదవండి."

రాజు తాటాకును అటూ ఇటూ తిప్పాడు. ఒక్క అక్షరమూ అర్థం కాలేదు.

"నా పేరే ఉందని శరభయ్య చెప్పాడే!"

"నిన్నటిదాకా నా చేనూ నాదేనని చెప్పారు ప్రభూ!"

రాజు చూసిన చూపుకే శరభయ్య నిజం ఒప్పుకున్నాడు. ఆ రోజే పత్రాలన్నీ అందరికీ వచ్చిన అక్షరాల్లో తిరగరాయమని ఆజ్ఞ వెలువడింది.

తాటాకులన్నీ సుంకులమ్మే అమ్మింది.