లోవమ్మ కుట్టిన ఒడి

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఏడుస్తున్న రోజుల్లో, ఏటి గట్టున ఒక ఊరుండేది. ఒక వానాకాలం ఏరు పొంగింది. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులూ పోయారు. ఊరి అమ్మవారి విగ్రహం కూడా కొట్టుకుపోయింది. మిగిలినవాళ్ళు మెరక మీద కొత్తగా ఇళ్ళు వేసుకున్నారు. అమ్మ లేని ఊళ్ళో పెళ్ళి బాజా మోగకూడదన్నారు పెద్దలు. విగ్రహం చెక్కే పని సింగన్నకి అప్పగించారు.

సింగన్న చెయ్యి మంచిదే. ఆ చేతికి ఆగడం తెలీదు, అదీ చిక్కు.

అతని పెళ్ళాం లోవమ్మ. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఊళ్ళో ఎవరింట పురుడైనా బిడ్డ కింద పరిచేది లోవమ్మ బొంతే. పాపం, ఆవిడ అన్నంలో రాతిపొడి, పచ్చట్లో రాతిపొడి, పడుకుందామంటే తలగడలోనూ రాతిపొడే.

మొదటి ఏడు అడిగింది. "ఏమయ్యా, అయిందా?"

"ఇంకొక్క దెబ్బ, అంతే."

ఆ దెబ్బకి అమ్మవారి ముక్కు ఎగిరిపోయింది.

రెండో ఏడు కొత్త రాయి తెచ్చారు. "ఏమయ్యా, అయిందా?"

"ఇంకొక్క దెబ్బ, అంతే."

ఆ దెబ్బకి చెయ్యి ఊడిపడింది.

మూడో ఏడు అమ్మ నిజంగానే వచ్చి కూర్చున్నట్టు కుదిరింది. చల్లటి నవ్వు. లోవమ్మ దణ్ణం పెట్టింది. "ఇంక ఆ సుత్తి కింద పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"ఇంకొక్క దెబ్బ, అంతే."

నడుం దగ్గర రాయి చీలింది. పైసగం నిలిచింది. కిందసగం పెంకులైపోయింది.

సింగన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూడు వద్దన్నాడు, నీళ్ళు వద్దన్నాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళీడు పిల్లల తల్లులు గుమ్మంలోకొచ్చారు. ఒకావిడ వచ్చి "లోవమ్మొదినా, అయిందా?" అంది. ఆవిడ వెళ్ళగానే ఇంకొకావిడ. ఆవిడ వెళ్ళగానే మరొకావిడ.

లోవమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయింది! ఎల్లుండొచ్చి మోసుకుపోండి!" అని ధడాలున తలుపేసింది.

వేశాక గానీ తనేమందో తనకి తెలిసిరాలేదు.

"నా ఖర్మ" అనుకుంటూ వరదలో మూటగట్టి తెచ్చుకున్న పాతచీరలన్నీ కుప్పపోసింది. సూది తీసింది. తిడుతూ కత్తిరించింది, తిడుతూ గడ్డి కూరింది, తిడుతూ కుట్టింది. మడిచిన మోకాళ్ళు వచ్చాయి. పాదాలు వచ్చాయి. మధ్యలో వెడల్పాటి ఒడి వచ్చింది.

సింగన్న గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "రాతికి గుడ్డ ఎలా అతుకుతుందే?"

"విరగ్గొట్టినవాడివి నువ్వే చెప్పు!"

అతను లేచి, రాతి నడుం అంచున వరసగా చిల్లులు తొలిచాడు. ఆ చిల్లుల్లోంచి నూలుతాడు దూర్చి ఆవిడ ఒడిని బిగించింది. సింగన్న కొంచెం వెనక్కి జరిగి చూసి, "ఇంకొక్క..." అన్నాడో లేదో, లోవమ్మ సుత్తి లాక్కుని నూతిలో పారేసింది.

ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద అచ్చయ్య మొహం చిట్లించాడు. "ఏమే లోవమ్మా, పైన అమ్మవారు, కింద చింకిబొంతా? ఇది మన ఊరికే అప్రతిష్ఠ!"

"మీ అమ్మ ఒడి రాతిదా, అచ్చయ్య మావా?" అంది లోవమ్మ.

అచ్చయ్య పళ్ళు నూరాడు. ఇంతలో అతని పెళ్ళాం ముందుకొచ్చి ఒడి మీద ఒక ముక్క పట్టుకుంది. పసుపు మీద ఎర్ర గళ్ళు. "ఇది అత్త చీర" అంది. "మన పెద్దోడు పుట్టినప్పుడు బొంతకని ఇచ్చింది. మిగిలిన ముక్క ఇది."

ఆ అత్తని ఏరు తీసుకుపోయింది.

అచ్చయ్య వంగి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి ఆ ఒడిలో తల పెట్టుకున్నాడు. ఆడవాళ్ళంతా మూగారు. ఇది మా అమ్మది, ఇది మా అక్కది, ఇది మా పిన్నిది. ఈ అమ్మవారు వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ నెలే బాజాలు మోగాయి.

అయితే గుడ్డ గుడ్డే కదా. ప్రతి ఏడూ వానకి చివికేది, ఎలకలు కొరికేవి. "బతికినన్నాళ్ళూ నాకిదే పనా?" అని సణుక్కుంటూనే లోవమ్మ ప్రతి ఏడూ మళ్ళీ కుట్టేది. అలా ముసలిదయింది. ఒకనాడు కన్నుమూసింది.

ఆ ఏడు ఆడవాళ్ళే సూదులు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ నోరు మెదపలేదు. ముసలి సింగన్న ఓ పక్కన దారం ఎక్కిస్తున్నాడు.

"ఎవరన్నా కాస్త తిట్టండమ్మా" అన్నాడు. "నాకు చేతులాడటం లేదు."

ఒకావిడ ఎలకల్ని తిట్టింది. ఇంకొకావిడ వానని తిట్టింది. మూడో ఆవిడ మొగుణ్ణి తిట్టింది. పని సాగింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో జాతర ముందు ఇంటికో పాతచీర ముక్క వస్తుంది. ఆడవాళ్ళు ఒడి కుడుతూ నోరారా తిడతారు. మగవాళ్ళు ఎదురు చెప్పరు. తలలొంచుకుని సూదుల్లోకి దారాలు ఎక్కిస్తూ కూర్చుంటారు.