ముద్ర పడిన టేకుమాను

రాజులు ఏనుగులెక్కి ఊరేగే రోజుల్లో, అంటే మన తాతకు తాత కూడా ఇంకా పుట్టని రోజుల్లో, గోదావరి నడుమ కొంగలంక అని ఒక లంక ఉండేది. లంకంటే తెలుసుగా? చుట్టూ ఏరు, మధ్యలో చారెడు నేల. ఆ నేల మీద పది గుడిసెలు, ఒక మట్టిదిబ్బ, అవతలికి దాటడానికి ఒక పాత దోనె. అంతే.

ఆ లంకలో సింగన్న, నూకాలు అనే మొగుడూ పెళ్లాలు ఉండేవారు. వాళ్లకు చుక్కమ్మ అని నాలుగేళ్ల కూతురు. గుమ్మడిపాదులు పెట్టుకుని, కాయలు ఒడ్డుకు మోసుకెళ్లి అమ్ముకుని బతికేవారు. ఏటా వరదకు వాళ్ల గుడిసె మట్టిగోడ కరిగిపోయేది. ఏటా మళ్లీ మెత్తుకునేవారు. మెత్తీ మెత్తీ సింగన్నకు విసుగు పుట్టింది. ఒడ్డున ఒక పెంకుటిల్లు, అందులో తడవని గోడలు. వాడికి ఉన్నది ఆ ఒక్క కోరికే.

ఒక ఏడు ఆషాఢంలో వరద వచ్చింది. పెద్దదేం కాదు. అరటితోటను ఊడ్చేసి, గుడిసెల గుమ్మాల దాకా వచ్చి, అలవాటు ప్రకారం అక్కడే ఆగింది. ఆ వరదలో ఎగువ అడవుల నుంచి ఒక టేకుమాను కొట్టుకొచ్చింది. పొడవు పది బారలు. లావు ఒక మనిషి కౌగిలికి అందదు. సింగన్న నడుముకు మోకు చుట్టుకుని ఏట్లోకి దూకాడు. రెండుసార్లు మునిగాడు. మూడోసారి తేలి, మాను మీద మోకు వేశాడు. ఒడ్డున నూకాలు, లంక జనం కలిసి ఊపిరి బిగబట్టి లాగారు.

వరదలో వచ్చిన మాను ఎవరు మోకు వేస్తే వారిది. ఏటివాళ్ల కట్టుబాటు అది. దాని మీద ఏ వర్తకుడి గుర్తూ లేదు. లంకకు పెద్దవాడు గవరయ్య దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూసి, "నక్కతోక తొక్కావురా సింగన్నా! ఇది నీదే" అన్నాడు.

అందరూ కలిసి ఆ మానును దిబ్బ మీదికి దొర్లించారు. వార్త ఒడ్డుకు పాకింది.

ముందుగా ఒక వడ్రంగి వచ్చాడు. "దీన్ని ముక్కలు కోసి తలుపులూ ద్వారబంధాలూ చేసుకుంటాను. మూడు బస్తాల వడ్లు ఇస్తాను" అన్నాడు. మూడు బస్తాలనగానే సింగన్న తల ఊపబోయాడు. నూకాలు వాడి పంచె కొస పట్టుకు లాగింది.

"ఆగు మావా. ఇంకా ఎవరొస్తారో చూద్దాం."

తర్వాత ఓడల వర్తకుడు వచ్చాడు. మాను పొడుగునా నడిచాడు, వేళ్లతో తట్టాడు, వాసన చూశాడు. "ఎక్కడా వంకర లేదు, ముడి లేదు. నా ఓడకు తెరచాప కొయ్య అవుతుంది. సంచెడు వరహాలిస్తాను. కాని ఒక్క మాట. దీని మీద గొడ్డలి పడకూడదు. పొడవు తగ్గిందా, ఇది నాకు వంటచెరకుతో సమానం" అన్నాడు.

సంచెడు వరహాలు! సింగన్న చెయ్యి చాచబోయాడు. ఈసారి కూడా నూకాలే ఆపింది.

మూడోసారి గొడుగు పట్టిన పడవలో రాజుగారి అధికారి దిగాడు. "కోటలో గుడికి ధ్వజస్తంభం కావాలి. ఇలాంటి నిలువుమాను కోసం మూడేళ్లుగా అడవులు గాలిస్తున్నాం. ఒడ్డున పెంకుటిల్లు, ఏటా పది పుట్లు పండే మాగాణి ఇప్పిస్తాను. సరేనా?" అన్నాడు.

పెంకుటిల్లు అన్న మాట చెవిన పడ్డాక సింగన్నను ఆపడం ఎవరి తరం? నూకాలు కూడా ఆపలేదు. ఆమెకు మాత్రం ఆశ ఉండదా?

అధికారి లక్క కరిగించి మాను మీద పోసి, రాజముద్ర గట్టిగా నొక్కాడు. "శ్రావణ పున్నమినాడు పెద్ద పడవలతో వస్తాం. మానును అప్పగించిన రోజునే ఇల్లూ పొలమూ మీవి. అందాకా కాపలా మీదే. ముద్ర పడిన మాను మీద గొడ్డలి పెట్టినవాడి చెయ్యి నరికిస్తారు రాజుగారు. మరిచిపోకండి" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి సింగన్న మకాం దిబ్బ మీదే. మాను మీద కూర్చునే అన్నం తినేవాడు. దాని మీదే పడుకునేవాడు. పిచ్చుక వాలినా అదిలించేవాడు. ఎవరైనా వచ్చి పలకరిస్తే, పెరట్లో ఏ మొక్కలు వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టేవాడు. ఇంకా కట్టని ఇంటి పెరట్లో గిలకబావి కూడా మాటల్లోనే తవ్వేశాడు పాపం!

పున్నమి దగ్గర పడింది. లంక మీద చినుకు లేదు గాని, ఎగువన మూడు రోజులుగా ఆకాశం నల్లగా ఉంది. పున్నమికి ముందురోజు పొద్దున లేచి చూస్తే ఏరు ఎర్రబడి ఉంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని తాటిచెట్టు ఎక్కుతున్నాయి. చూస్తుండగానే నీళ్లు గుమ్మాల్లోకి వచ్చాయి.

గవరయ్య ఏటి వంక చూసి పెదవి విరిచాడు. "ఈ నీళ్ల పోకడ నాకు నచ్చలేదర్రా. మన దోనెలో పట్టేది నలుగురు. గట్టి తెప్ప ఒకటి కట్టుకోవాలి. అరటిబోదెలన్నీ మొన్నే పోయాయి. ఇక కలపంటే..." అని ఆగిపోయాడు. అందరూ దిబ్బ మీది మాను వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

నూకాలు మొగుడి దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "మావా, మాను కోసేద్దాం."

సింగన్న ఉలిక్కిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా? గుమ్మం దాటి వరద ఎప్పుడైనా లోపలికొచ్చిందా? మధ్యాహ్నానికి తీసేస్తుంది చూడు."

మధ్యాహ్నానికి వరద తీయలేదు. గుడిసెల గోడలు ఒక్కొక్కటిగా కూలాయి. ఆడవాళ్లు కుండలూ చాపలూ నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని దిబ్బ ఎక్కారు. ముందు పిల్లల్ని దాటిద్దామని ఇద్దరు మగవాళ్లు దోనె కట్టు విప్పబోయారు. అంతలో ఒక చెట్టు వేళ్లతో సహా కొట్టుకొచ్చి దోనెకు తగిలింది. పాత దోనె రెండు చెక్కలై కళ్లముందే పోయింది.

"మావా, మాను కోసేద్దాం" అంది నూకాలు, ఈసారి అందరికీ వినపడేలా.

సింగన్న మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "రేపు పున్నమి. రేపు రాజుగారి పెద్ద పడవలొస్తాయి. ఈ ఒక్క రాత్రీ ఓర్చుకుంటే అందరం పడవలెక్కి పోతాం. మరీ నీళ్లొస్తే అందరం మానునే పట్టుకుని తేలదాం. ఎందుకు తొందర?"

"ఒంటిమాను దొర్లుతుందిరా" అన్నాడు గవరయ్య. "పట్టుకున్నవాళ్లను కిందేసుకుని దొర్లుతుంది. ఇక కొయ్యడమా, మానడమా అంటావా? మాను నీది, ముద్ర రాజుది, చెయ్యి పోయేది నీదో నాదో. నేను కొయ్యమని చెప్పలేను."

ఎవరూ చెప్పలేకపోయారు. ఆ జనంలో సింగన్నకు పిల్లనిచ్చినవాళ్లున్నారు, చిన్నప్పుడు వాణ్ని ఎత్తుకు తిరిగినవాళ్లున్నారు. తమ ప్రాణం కోసం వాడి అదృష్టాన్ని అడగడానికి వాళ్లకు నోరు రాలేదు. అడగకపోవడం చూసి సింగన్నకు మరీ బాధగా ఉంది. వాడు తల వంచుకుని పాదాల దగ్గర మట్టినే చూస్తూ ఉండిపోయాడు. ఆ మట్టి ఒక్కొక్క గడ్డే ఏట్లో కలిసిపోతోంది.

పొద్దు వాలుతుండగా నీళ్లు దిబ్బ ఎక్కాయి. ముందు మడమలు, తర్వాత పిక్కలు. తల్లులు పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్నారు. చుక్కమ్మను సింగన్న మాను మీద నిలబెట్టి, పడకుండా పట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఆ పిల్ల కిందికి చూసింది.

"నాన్నా, మాను కదులుతోంది" అంది.

నిజమే. మాను ఒక కొస లేచింది. ఇంకాసేపటికి అది తేలిపోతుంది. తేలితే ఇక కొయ్యాలన్నా కొయ్యలేరు. ఇల్లూ పోతుంది, మానూ పోతుంది, మనుషులూ పోతారు.

నూకాలు కొంగు నడుముకు బిగించి, గొడ్డలి అందుకుని, తల మీదికి ఎత్తింది. సింగన్న ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొడ్డలి లాక్కున్నాడు. అయ్యో, ఇంకా ఆపుతున్నాడే అని అందరూ ఆశ వదులుకున్నారు.

"నీ చెయ్యి పోతే పిల్లకు అన్నం కలిపి పెట్టేదెవరే?" అన్నాడు సింగన్న. "పోతే నాదే పోనీ."

మొదటి వేటు రాజముద్ర మీదే పడింది. ఎర్రలక్క పెచ్చులై చెదిరింది. ఆ వేటు చూశాక మగవాళ్లందరికీ చేతులొచ్చాయి. గొడ్డళ్లు లేచాయి, రంపం పడింది. ఒకరు అలిసిపోతే ఒకరు అందుకున్నారు. ఆడవాళ్లు మాను తేలిపోకుండా దాని మీద వరసగా కూర్చుని తొక్కిపట్టారు. పది బారల మాను ఐదు ముక్కలయింది. ముక్కల్ని పక్కపక్కన చేర్చి మోకుతో, పలుపులతో, చీరలతో బిగించారు. అంచులకు ఖాళీ కుండలు బోర్లించి కట్టారు. చివరి ముడి పడేసరికి నీళ్లు నడుముకొచ్చాయి. ఒక్కొక్కరే ఎక్కారు. అందరికన్నా చివర సింగన్న ఎక్కాడు. వాడు కాలు తీసిన చోట ఇక నేల లేదు.

ఆ రాత్రంతా ఏరు వాళ్లను ఎలా తిప్పిందో, ఎలా కొట్టిందో వాళ్లు ఎవరికీ ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయారు. తెల్లవారేసరికి తెప్ప ఒడ్డున ఒక రెల్లుదుబ్బులో ఇరుక్కుని ఉంది. గవరయ్య లేచి పేరుపేరునా అందర్నీ పిలిచాడు. అందరూ పలికారు.

పొద్దెక్కాక, లంకకు పోతున్న రాజుగారి పడవలు వాళ్లను చూసి అక్కడే ఆగాయి. ధ్వజస్తంభం కదా, రాజుగారు స్వయంగా వచ్చారు. అధికారి ముక్కల మీద మిగిలిన లక్క చూసి కోపంతో ఊగిపోయాడు. కత్తి పట్టిన భటుణ్ని ముందుకు రమ్మన్నాడు.

"ఎవరు కోశారు దీన్ని?" అని రాజు అడిగాడు.

"నేనే కోశాను దొరా" అన్నాడు సింగన్న.

"కొయ్యమన్నది నేనండయ్యా" అంది నూకాలు. "మేమంతా కోశామండి" అన్నారు వెనకాల జనం.

"ముద్ర ఉందని, శిక్ష ఉందని తెలిసే కోశావా?"

"తెలిసే కోశాను దొరా." సింగన్న కుడి చెయ్యి ముందుకు చాచాడు. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. చుక్కమ్మ కంట పడకుండా నూకాలు పిల్ల ముఖాన్ని పొట్టకు అదుముకుంది.

రాజు మూడో మాట అడిగాడు. "పెంకుటిల్లు, పది పుట్ల మాగాణి. ఏడు తరాలు తినే సంపద. ఒక్క పూటలో ఖర్చు పెట్టేశావు. దాంతో ఏం కొన్నావు?"

నూకాలు పక్కకు జరిగి, వెనక బురద బట్టలతో నిలబడ్డ జనాన్ని చూపించింది.

"వీళ్లనండయ్యా" అంది.

రాజు ఒక్కొక్కరి ముఖమే చూశాడు. చంటిపిల్ల దగ్గర, గవరయ్య దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత భటుడితో, "కత్తి ఒరలో పెట్టు. ముద్ర పడ్డాక ఆ మాను నాది. నా మానుతో నా జనాన్ని ఒడ్డుకు చేర్చాడు. నేను చెయ్యవలసిన పని వీడు చేశాడు" అన్నాడు. సింగన్న చెయ్యి అప్పుడు కిందికి వాలింది.

"కాని సింగన్నా, ఇల్లూ పొలమూ నిలువుమానుకు ఇస్తానన్నాను."

"తెలుసు దొరా. నిలువుమాను నేను ఇవ్వలేకపోయాను. అవి నాకు రావు."

"రావు. ఈ ఐదు ముక్కలు మాత్రం నువ్వే ఉంచుకో. ఏం చేస్తావు వీటితో? అమ్ముతావా?"

వడ్రంగికి అమ్మితే మూడు బస్తాల వడ్లు. గోడ కూలినవాడికి, కూడు లేనివాడికి అది తక్కువ కాదు. నూకాలు మొగుడి వంక చూసింది. ఈసారి ఆమె పంచె కొస లాగలేదు. సింగన్న కూడా ఆలోచించడానికి ఆగలేదు.

"పడవ చేయిస్తాను దొరా. లంకంతా ఒక్కసారే పట్టే పడవ."

రాజుగారు తన ఓడల వడ్రంగుల్ని పంపారు. వరద తీశాక కొంగలంక మళ్లీ తేలింది. జనం మళ్లీ గుడిసెలు వేసుకున్నారు, సింగన్న మళ్లీ గోడ మెత్తుకున్నాడు. మరుసటి ఏడు దిబ్బ మునిగేంత వరద వస్తే, ఆ రోజు లంకలో ఎవరూ ఏడవలేదు. వంట ముగించుకుని, గిన్నెలు సర్దుకుని, పడవెక్కారు.

కలిసొచ్చిన సంపదను ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఖర్చు పెట్టగలిగినవాడే దానికి యజమాని. పెట్టలేనివాడు ఉత్త కాపలావాడు.