తవిటమ్మ ఎవరి పిల్ల

ఈ కథ ఇంతవరకూ మీ చెవిన పడలేదు, తప్పు నాదే. మీ ముత్తవ్వ పేరు తవిటమ్మ అంటే మీరు నవ్వారు చూడండి, అప్పుడు తెలిసొచ్చింది నాకు, మిమ్మల్ని ఊరికి ఇంత దూరం తెచ్చి పెంచుతూ ఏం చెప్పకుండా వదిలేశానో. దగ్గరికి జరగండి. మా అమ్మమ్మ చెప్పినట్టే చెబుతాను, మధ్యలో ఊ కొట్టడం మానకండి.

అనగనగా, రోకళ్ళ చప్పుడుతో తెల్లారే ఒక ఊళ్ళో తవిటమ్మ అనే పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. ఒకరోజు గాజులమ్మేవాడు పేరడిగి, విని, పకపకా నవ్వాడట. "తవుడు గేదెకి పెడతారు గానీ పిల్లకి పెడతారా?"

పిల్లకి రోషం వచ్చింది. నాకీ పేరెందుకు పెట్టారని అమ్మనడిగితే, నాన్ననడుగు అంది. నాన్న తాతనడుగు అన్నాడు. తాత, పక్కింటి గౌరమ్మనడుగు అన్నాడు. అమ్మ నాన్న మీదికి, నాన్న తాత మీదికి, తాత గౌరమ్మ మీదికి. ఊ కొడుతున్నారా? ఆ.

గౌరమ్మకి పిల్లల్లేరు. వడ్లు దంచుతూనే చెప్పింది. "నీకు ముందు ముగ్గురు పుట్టి పోయారే. అందుకని నువ్వు పుట్టగానే చేటలో పెట్టి నాకిచ్చేశారు. మీ అమ్మ పిడికెడు తవుడు నాకు పోసి నిన్ను మళ్ళీ కొనుక్కోవాలి. తవుడుకి కొన్న బిడ్డంటే చావుకి చిన్నచూపట, వదిలేసి పోతుందట. అదీ నీ పేరు."

"మరి అమ్మ కొనుక్కుందా, అత్తా?"

రోకలి ఆగింది. "పాలకి ఏడుస్తున్నావని ఎత్తుకుపోయింది. తవుడు మాత్రం పొయ్యలేదు."

ఇక చూడండి ఆ పిల్ల అవస్థ. గౌరమ్మ పిల్లయితే అమ్మ ఎవరు? అమ్మ పిల్లయితే చేటలోంచి ఎప్పుడొచ్చినట్టు? అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి, ఏ గుమ్మంలో కాళ్ళు కడుక్కోవాలో తెలియక సందులో కూర్చుంది. అన్నానికి ఆ ఇంట్లోంచీ పిలిచారు, ఈ ఇంట్లోంచీ పిలిచారు. ఏ ఇంటికీ వెళ్ళలేదు.

ఆఖరికి గేదె దగ్గరున్న కుండలోంచి పిడికెడు తవుడు తీసుకుని గౌరమ్మ ముందు నిలబడింది. "ఇదిగో అత్తా, నన్ను నేనే కొనుక్కుంటున్నా."

గౌరమ్మ దోసిలి పట్టలేదు. అంతలో తల్లి సన్యాసమ్మ పరుగున వచ్చి కూతురి పిడికిలి గట్టిగా మూసేసింది.

"పొయ్యకే. మర్చిపోయాననుకున్నావా? కావాలనే పొయ్యలేదు. పోస్తే నాదానివైపోతావు. నావాళ్ళు ముగ్గురూ ఏమయ్యారో చూశాను. నాది కాకపోయినా సరే, బతికుంటే చాలనుకున్నా."

"ఆ మాట నాతో అనొచ్చుగా వదినా," అంది గౌరమ్మ. "ఏ రోజు తవుడు తెస్తావో అని పన్నెండేళ్ళుగా నీ చేతులే చూస్తున్నా."

పిల్లకి ఇంకా తికమక పెరిగింది. ఒకామె పొయ్యనంటూ ఏడుస్తుంది, ఒకామె పట్టనంటూ ఏడుస్తుంది. "ఇంతకీ నేనెవరి పిల్లని?" అంటే, ఇద్దరూ ముక్కు చీదుకుని, ముందు అన్నం తిను అన్నారు.

ఆ తవుడు గేదెకి వేసేశారు. పిల్ల పొద్దున ఈ ఇంట్లో, సాయంత్రం ఆ ఇంట్లో తిని పెరిగింది. గాజులవాడు మళ్ళీ వస్తే రెండు చేతులూ చాపి, ఈ చేతికి డబ్బులు మా అమ్మనడుగు, ఆ చేతికి మా అత్తనడుగు అందట. వాడికి ఏమీ అర్థం కాలేదు. గాజులు మాత్రం వేశాడు. నూరేళ్ళు బతికింది తవిటమ్మ.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. ఎవరి పేరైనా వింతగా ఉంటే నవ్వకండి, ఎందుకు పెట్టారో అడగండి. ఇంకొక్క మాట. మీకు పిల్లలు పుడితే, నాలాగా ఆలస్యం చెయ్యకుండా ఈ కథ వాళ్ళకి చెప్పండి.