మూడు కాళ్ళ పులితోలు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా తాతకి వాళ్ళ తాత చెప్పిన నాటి సంగతి. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, కునుకు తీసేవాళ్ళు ఇప్పుడే లేచి పొండి. ఇది జోకొట్టే కథ కాదు.

అడవి అంచున ఇసకవంక అనే ఊరు ఉండేది. ఊరికీ అడవికీ మధ్య ఒక వాగు. పొద్దువాలే వేళకి దుప్పులు మందలు మందలుగా వచ్చి ఆ వాగులో నీళ్ళు తాగేవి. జనం అడవికి పోయి తేనె తెచ్చుకునేవాళ్ళు, చీపురుపుల్ల కోసుకొచ్చేవాళ్ళు, గొడ్లని మేపుకొచ్చేవాళ్ళు. అడవి ఉండబట్టే ఆ ఊళ్ళో పొయ్యి వెలిగేది.

ఆ ఊళ్ళో చాటింపు వేసేవాడు ఎల్లమంద. ఊరి బయట గుడిసె, మెళ్ళో డప్పు, పక్కన పెళ్ళాం కోటమ్మ. అతన్ని గడప ఎక్కనిచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. కానీ అతని మాట మాత్రం అన్ని గడపలూ దాటి లోపలికి పోయేది. ఎందుకంటారా? వాళ్ళ నాయన పోతూ పోతూ ఒకటే చెప్పి పోయాడట, కళ్ళతో చూడంది డప్పు మీద పలకొద్దని. కాలవకి గండి పడిందని చాటమంటే ముందు పోయి గండి చూసొచ్చేవాడు. పక్కూరి గొడ్లకి గాలికుంటు తగిలిందంటే పోయి గొడ్ల నోళ్ళు తెరిచి చూసొచ్చేవాడు. అప్పుడు మూడు దెబ్బలు కొట్టేవాడు. డం, డం, డం.

"చూసొచ్చి చెబుతున్నా, చూడకుండా చెప్పట్లా!"

ఆ మాట వింటే చాలు, జనం ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు.

ఒకనాడు దివాణం నుంచి కబురొచ్చింది. దొరల పనులన్నీ చూసే పేష్కారు రంగప్ప ఎల్లమందని పిలిపించి, అడవిలో పులి దిగింది, ఎవరూ వాగు దాటొద్దని చాటరా అన్నాడు. చూసొచ్చి చాటతానన్నాడు ఎల్లమంద. రంగప్ప నవ్వి, దివాణం మనుషుల్ని తోడిచ్చి పంపాడు. వాగు గట్టు మీద నిలబెట్టి, అదుగో చూడమన్నారు. ఇసకలో పులి అడుగులు, ఒకదాని వెనక ఒకటి, అడవిలోకి పోయాయి. దిగి చూస్తానంటే, చావాలని ఉందా అని చెయ్యి పట్టి వెనక్కి లాగారు. అతనికీ భయమే కదా, మనిషే కదా. గట్టు మీద నుంచే చూశాడు, దిగలేదు. అతను చేసిన తప్పు అదొక్కటే. దాన్నే బతికినన్నాళ్ళూ నెత్తిన మోశాడు.

వచ్చి చాటాడు. డం, డం, డం. చూసొచ్చి చెబుతున్నా, చూడకుండా చెప్పట్లా. అంతే, వాగు దాటినవాడు లేడు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. పొద్దువాలితే వాగు దగ్గర దుప్పి జాడ లేదు. పులి ఉంటే కొండముచ్చులు గోల చెయ్యాలి, అదీ లేదు. దూడ ఒక్కటీ పోలేదు. ఈ పులి ఏం తిని బతుకుతోందే కోటీ, అన్నాడు ఎల్లమంద. ఆ సంగతి నన్నడిగితే ఎట్టా మావా, నువ్వే కదా చూసొచ్చింది, అంది కోటమ్మ. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

తెల్లారగానే రెండోసారి పోయాడు. ఈసారి వాగులోకి దిగాడు. కొత్త అడుగులు పడి ఉన్నాయి. వంగి చూశాడు. మడమ దగ్గర ఒక గాటు. రెండో అడుగు చూశాడు, అక్కడే అదే గాటు. మూడో అడుగు చూశాడు, అక్కడే అదే గాటు. పులికి నాలుగు కాళ్ళు ఉంటాయి కదర్రా, నాలుగింటికీ ఒకేచోట గాటు ఉంటుందా? కోసిన పులికాలు ఒకటి పట్టుకుని ఎవడో ఇసకలో అచ్చు గుద్దుకుంటూ పోయాడు.

మూడోసారి అడవి లోపలికే పోయాడు. చెట్టు చెట్టుకీ ఉచ్చులు. కొమ్మ కొమ్మకీ ఆరేసిన దుప్పి తోళ్ళు. కొమ్ములు కట్టెల మోపుల్లా కట్టి బండ్లకెత్తుతున్నారు దివాణం మనుషులు. తల్లి దుప్పి ఉచ్చులో చచ్చి పడి ఉంటే పిల్ల దాని పొదుగు నాకుతోందట. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. నా నోటితోనే కదా వీటిని చంపించానని ఏడ్చాడు.

ఊళ్ళోకి అడుగు పెట్టీ పెట్టకముందే మళ్ళీ దివాణం నుంచి పిలుపు. పులి పిల్లల్ని పెట్టింది, ఇంకో ఏడాది ఎవరూ అడవికి పోవద్దని చాటాలట. ఎల్లమంద దివాణం ముంగిట్లో నిలబడి కళ్ళెత్తాడు. ఎదురుగా దివాణం సావడి గోడకి పెద్ద దొరల కాలంనాటి పులితోలు వేలాడుతోంది. పండగనాడు ఊరంతా దాని కిందే కూర్చుని పప్పుబెల్లాలు తినేది. దానికి మూడే కాళ్ళున్నాయి. కుడి ముంగాలు లేదు.

"అయ్యా, నేను చాటను," అన్నాడు.

రంగప్ప కోప్పడలేదు. "చాటే నోళ్ళు నాకు వందున్నాయిరా ఎల్లమందా. నాక్కావలసింది నీ మాట ఒక్కటే. 'చూసొచ్చి చెబుతున్నా' అను, చాలు. ఊరి నడుమ ఇల్లు కట్టిస్తా."

"ఆ మాట ఒకసారి పోగొట్టుకున్నానయ్యా. తెచ్చుకోవాలి."

అట్నుంచి అటే డప్పు తీశాడు. మొదటి వీధిలో కొట్టాడు. పులి లేదు, దివాణం వాళ్ళు దుప్పుల్ని నరుకుతున్నారు, నమ్మకపోతే సావడికి పోయి తోలుకి కాళ్ళు లెక్కపెట్టుకోండి అన్నాడు. పులుందని చెప్పిందీ నువ్వే, లేదని చెప్పేదీ నువ్వే, ఏ నోటిని నమ్మాలిరా అన్నారు. రెండో వీధిలో కొట్టాడు. ఆ వీధి పెద్దల ఇళ్ళకి దివాణం నుంచి దుప్పిమాంసం వస్తోంది. తలలు దించుకుని లోపలికి పోయారు. మూడో వీధిలో కొట్టాడు. తలుపులే తియ్యలేదు. సావడి ఎంత దూరమనుకున్నారు? ఊరి ఆ చివర. అన్నం తిని చెయ్యి కడుక్కునేంతలో పోయి రావచ్చు. ఒక్కడంటే ఒక్కడు పోలేదు.

అయితే అడవిలో దివాణం మనుషుల దగ్గరున్న ఆ కాలే తెచ్చి చూపిస్తానన్నాడు ఎల్లమంద. పోవద్దు మావా అని కోటమ్మ కాళ్ళకి అడ్డం పడింది.

"ఆనాడు గట్టు దిగి చూసుంటే ఇంతదాకా వచ్చేది కాదే కోటీ," అన్నాడు. పోయాడు. రాలేదు.

మూడోనాడు డప్పు మోగింది. కొట్టింది నాగులు, దివాణం పెట్టిన కొత్తవాడు. డం, డం, డం. ఎల్లమందని పులి తినేసింది. అంతే. వెనక మాట లేదు.

కోటమ్మ వీధి మధ్యకి వచ్చి నిలబడింది. "నాగులూ, చూసొచ్చావా?"

నాగులు డప్పు చంకన పెట్టుకుని పక్క సందులోకి తిరిగిపోయాడు. వీధంతా విన్నది. వీధంతా చూసింది. మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఆమె ఇంటింటికీ తిరిగి, నా మొగుడికోసం ఏడవొద్దు, ఒక్కసారి పోయి కాళ్ళు లెక్కపెట్టి రండని బతిమాలింది. అట్లా బతిమాలుతూనే ముసలిదైంది. అట్లాగే పోయింది.

అడవిలో దుప్పులు అయిపోయాయి. తరవాత చెట్లు అయిపోయాయి. తరవాత వాగు ఎండింది. చంపడానికి ఏమీ మిగలక దివాణం వాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని పోయారు. పాడుబడ్డ సావడిలో దూలాల కోసం జనం దూరినప్పుడు తోలు ఊడి కిందపడింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. నాలుగోది లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఎవరికి కావాలమ్మా ఆ ఏడుపు?

వాగు గట్టున రాయి పాతి ఎల్లమంద రాయన్నారు. ఏటా ఒకరోజు దానికి పసుపు రాస్తారు, కొబ్బరికాయ కొడతారు. గడప ఎక్కనివ్వని ఇళ్ళవాళ్ళే ముందు వరసలో ఉంటారు. ఆ రోజు పిల్లలు ఎండిన ఇసకలో కుడిచేత్తో వరసగా అచ్చులు గుద్దుకుంటూ పోతారు. దుప్పంటే ఏంటని అడుగుతారు. పెద్దవాళ్ళు ఇసకలోనే బొమ్మ గీసి చూపిస్తారు, చూపించడానికి ఇంకెక్కడుందని.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ ఊళ్ళో ఎవరేం చెప్పినా, చివరికి కథ చెప్పినా, వినేవాళ్ళు 'చూసొచ్చావా?' అని అడగాలి. చెప్పినవాళ్ళు ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. నేను చూడలేదర్రా. నాకు మా తాత చెప్పాడు, ఆయన్ని నేనూ అడగలేదు.

ఇంతసేపు ఊ కొట్టారు. మీలో ఒక్కరన్నా నన్ను అడిగారా?