ఊపిరి అడగని వాద్యం

అనగనగా ఏడు సముద్రాలకు అవతల, మబ్బులు మనుషుల మోకాళ్ళకు తగులుతూ తిరిగే కొండల దేశం ఒకటి ఉండేది. ఆ కొండల నెత్తిన ఓ పల్లె. అంత ఎత్తున చెట్టన్నది బతకదు. ఎటు చూసినా గడ్డి, రాళ్ళు, ఒంటెను పోలిన ఉన్ని జంతువులు లామాల మందలు, వాటి మధ్య ఆలుగడ్డల మళ్ళు. మనకు వరి ఎలాగో వాళ్ళకు ఆలుగడ్డ అలాగన్నమాట.

ఆ పల్లెలో చస్కా అనే పడుచు ఉండేది. పేరు చస్కా అయినా ఊరంతా ఆమెను "ఎందుకమ్మ" అనే పిలిచేది. మరి ఎవరు ఎదురైనా "ఇది ఎందుకు? అది ఎలా?" అంటూ ప్రాణం తోడేసేది కదా! అడగడం మంచిదే. కానీ అవతలివాళ్ళ జవాబు సగంలో ఉండగానే "ఆఁ, తెలిసింది, తెలిసింది!" అని పరుగు తీసేది. అదీ ఆమెతో వచ్చిన చిక్కు.

చస్కా తండ్రి పేరు మాయ్తా. ఏటా దుంపలు నాటే రోజున ఆయన మడి గట్టు మీద నిలబడి పిల్లనగ్రోవి ఊదేవాడు. దాన్ని దుంపల పాట అనేవారు. ఆ పాట వింటేనే మట్టిలో దుంపలు కళ్ళు తెరుస్తాయని ఆ ఊరి నమ్మకం. ఆ పాట తాతల నాటిది. ఇప్పుడది మాయ్తా ఒక్కడికే వచ్చు.

కానీ వయసులో ఉండగా వెండి గనుల్లో పీల్చిన దుమ్ము ఆయన గుండెల్లో గూడు కట్టుకుంది. ఆ ఏడు చలికాలం వెళ్ళేసరికి పిల్లనగ్రోవి ఊదడం మాట దేవుడెరుగు, నాలుగు మాటలు కలిపి చెప్పడానికే ఆయాసం ముంచుకొచ్చేది. చూస్తే నాట్ల రోజులు దగ్గర పడుతున్నాయి.

"చస్కా... ఆ పాట..." అని మొదలుపెట్టేవాడు.

"తెలుసు నాన్నా! నువ్వే వాయించాలి. దిగులు పెట్టుకోకు, నేను ఏదో ఒకటి చేస్తాగా!" అని ఆయన ఊపిరి తీసుకునేలోగా గడప దాటేసేది.

ఒకనాడు కంచరగాడిద మీద ఒక దొర ఆ ఊరికి వచ్చాడు. పేరు ఫెర్మిన్. అతని వీపున పెద్ద పొట్ట ఉన్న చెక్క వాద్యం. దానికి వరుసగా తీగలు. ఆ కొండల్లో అప్పటిదాకా ఊదేవి తెలుసు, కొట్టేవి తెలుసు. మీటేవి ఎవరూ చూడలేదు. ఫెర్మిన్ వేలితో తీగను మీటగానే లామాలు కూడా మేత మాని తలెత్తాయి.

చస్కా కళ్ళు మాత్రం అతని నోటి మీదే ఉన్నాయి. నోరు మూసే ఉంది! బుగ్గలు ఉబ్బలేదు! ఊపిరితో పనే లేదు!

"దొరా, దొరా, ఇందులో పాట ఎక్కడ దాక్కుంది? దీన్ని ఎలా చేస్తారు?"

ఫెర్మిన్ మీసం సవరించుకున్నాడు. "పాట పొట్టలో ఉంటుందమ్మాయ్. చెక్కతో చెయ్యాలి. అయితే ఆ చెక్క..."

"తెలిసింది, తెలిసింది!"

ఒక్క పరుగున లోయలోకి దిగింది. పచ్చి చెట్టు నరికింది, పొట్ట తొలిచింది. లామా పేగులు ఎండబెట్టి పేనిన తీగలు బిగించింది. వాద్యం ఎంత ముద్దుగా ఉందో! ఎండలో పెట్టిందో లేదో, పచ్చి చెక్క టప్పున పగిలి రెండు ముక్కలైంది. పరుగున వెళ్ళి చూస్తే ఫెర్మిన్ దొర కంచరగాడిద అప్పటికే కొండ మలుపు దాటిపోయింది.

పోనీలే, మట్టితో చేద్దామనుకుంది. కుమ్మరామె ఊర్పి దగ్గరికి పోయింది.

"అత్తా, పాట దాచుకునే కడుపు మట్టితో చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చే పిల్లా. కానీ తీగలు లాగి బిగించావనుకో..."

"తెలిసింది అత్తా, తెలిసింది!"

ఓ చిన్న బాన చంకన పెట్టుకుని ఇంటికి వచ్చింది. తీగలు లాగి బిగించింది. బాన ఒక్క క్షణం ఓర్చుకుంది, మరుక్షణం ఫెళ్ళున పెంకులైంది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మాయ్తా నవ్వలేదు. మంచం మీదనుంచి చేయి చాచి, "చస్కా... ఆ పాట... నీకు..." అన్నాడు.

"నాకు తెలుసు నాన్నా!" అని కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ బయటికి పరుగు.

అలా ఏడుస్తూ ఎక్కడో ఇసుక దిబ్బల దగ్గర కూలబడింది. అక్కడ ఒక బొరియ ముందు కిర్కించు ఎండ కాగుతోంది. కిర్కించు అంటే మన అలుగుకు చుట్టమేమో అనిపించే జంతువు. ఒళ్ళంతా గట్టి డొప్ప. పల్చగా, తేలిగ్గా, బోర్లించిన దోనెలా గుండ్రంగా ఉన్న ఆ డొప్పను చూడగానే చస్కా ఏడుపు ఆగిపోయింది.

"కిర్కించూ, నీ డొప్ప మోగుతుందా? నాకిస్తావా? ఎందుకివ్వవు?"

కిర్కించు గబుక్కున ముడుచుకుని బంతిలా అయిపోయింది. చస్కా మళ్ళీ అడిగింది. అది ఇంకా ముడుచుకుంది. పక్కనే గుండ్రాయి ఉంది. ఒక్క దెబ్బ వేస్తే డొప్ప తనదే. నాన్న పాట దక్కుతుంది. చస్కా రాయి చేతిలోకి తీసుకుంది.

చేయి పైకి లేవలేదు. ప్రాణం పోతున్న మనిషి కోసం ఇంకో ప్రాణం తీసి, ఆ డొప్ప నాన్న ఒళ్ళో ఎలా పెట్టడం? రాయి కింద పడేసి చతికిలబడింది. ఏమీ అడగలేదు. పుట్టాక ఊరికే కూర్చోవడం అదే మొదటిసారేమో! దిబ్బల నీడలు బారెడు పొడుగు సాగాయి. అప్పుడు కిర్కించు మెల్లగా విచ్చుకుంది.

"ఇప్పుడు చెప్తాను, విను."

"ఇందాకే అడిగాను కదా!"

"అడిగావు. ఆగావా? మేం నెమ్మది జీవాలం తల్లీ. మా జవాబు బొరియలోంచి నడిచి రావాలి." కిర్కించు మూతి ఎగరేసింది. "నా డొప్ప, నేనున్నంత కాలం నాకే కావాలి. కానీ ఈ బొరియలో మా అవ్వ డొప్ప ఉంది. అవ్వ పోయి చాలా కాలమైంది. గాలి దూరితే ఇప్పటికీ సన్నగా పాడుతుంటుంది. తీసుకుపో. అయితే, దాని మీద మూత వేయడానికి ఏం చెక్క వాడతావు?"

చస్కా నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని ఆలోచించింది. పచ్చి చెక్క ఎందుకు పగిలింది? ఫెర్మిన్ దొర "ఆ చెక్క" దగ్గర ఆగిన మాట ఇప్పుడు అర్థమైంది. ఆ చెక్క ఎండి ఉండాలి!

ఇంటికి వచ్చి, తాతల కాలం నుంచి ఎండకూ చలికీ ఎండిన తలుపు ఊడబీకింది. వాకిలికి కంబళి వేలాడదీసింది. తలుపు చెక్కలో పల్చటి ముక్క డొప్పకు మూత అయింది, పొడుగు ముక్క దండి అయింది, చెక్క పేళ్ళు తీగలు బిగించే బిరడాలయ్యాయి. వాద్యం చంటిపిల్లంత చిన్నది. తీగలు కట్టి మీటితే మాత్రం ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ లాగాయి. శ్రుతి లేదు!

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త వాద్యం ఏదైనా సాయంత్రం పూట ఊట జలపాతం దగ్గర ఉంచి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. నీళ్ళలో ఉండే జలకన్య దానికి శ్రుతి పెడుతుందట. చస్కా కూడా అలాగే పెట్టి వచ్చింది. తెల్లారి వెళ్తే ఏముంది? చెమ్మకు తీగలు సడలి వేలాడుతున్నాయి. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు, "ఎందుకమ్మ ప్రశ్నలకు జడిసి జలకన్య పారిపోయిందే!" అని నవ్వి వెళ్ళిపోయారు.

చస్కాకు ఉక్రోషం వచ్చింది. కాలు పరుగుకు లేచింది. కిర్కించు మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

మొదట నీళ్ళ హోరు ఒక్కటే వినిపించింది. వినగా వినగా ఆ హోరు విడిపోయింది. పెద్ద బండ మీద పడే ధార మందంగా పలుకుతోంది. గులకరాళ్ళ మీది ధార సన్నగా పలుకుతోంది. నాచు కిందనుంచి జారే ధార ఆ రెంటికీ మధ్య గొంతుతో పలుకుతోంది. ఆహా! జలకన్య ఎక్కడికీ పారిపోలేదు, రాత్రీ పగలూ పాడుతూనే ఉంది. పెద్దలు వాద్యాన్ని ఇక్కడికి తెమ్మన్నది అందుకా! చస్కా ఒక్కో బిరడా తిప్పుతూ, ఒక్కో తీగను ఒక్కో ధారకు కలిపింది.

ఎండెక్కేవేళకు ఇంటికి వచ్చి వాద్యాన్ని తండ్రి ఒళ్ళో పెట్టింది. "ఇది ఊపిరి అడగదు నాన్నా. ఇక నీ పాట నువ్వే వాయించుకో."

మాయ్తా డొప్పను నిమిరాడు. ఒక తీగ మీటి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత దాన్ని తిరిగి కూతురి ఒళ్ళోనే పెట్టాడు.

"చస్కా... ఆ పాట... నీకు..."

'తెలుసు' అనే మాట చస్కా నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకుంది. వాకిలి కంబళి గాలికి ఊగుతోంది. తండ్రి ఊపిరి తీసుకున్నాడు. దగ్గాడు. మళ్ళీ తీసుకున్నాడు. చస్కా కదల్లేదు.

"...నీకు నేర్పుదామని తల్లీ... ఎన్నిసార్లు... మొదలుపెట్టానో!"

చస్కా భోరుమని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆయన అడిగింది వాద్యం కాదు, తను కాసేపు పక్కన కూర్చోవడం. ఆ పూట నుంచి ఆయన కూనిరాగం తీసేవాడు, ఊపిరందక ఆగేవాడు. ఎక్కడ ఆగితే అక్కడ చస్కా కూడా ఆగేది. ఆయన మళ్ళీ అందుకునేదాకా చూసి తీగ మీటేది.

నాట్ల రోజున మడి గట్టు మీద చస్కా దుంపల పాట వాయించింది. కంబళి కప్పుకుని పక్కనే కూర్చున్న మాయ్తా తాళం వేశాడు. నవ్విన ఊరే చెవులప్పగించి నిలబడింది. ఆ ఏడు దుంపలు కళ్ళు తెరిచి, మళ్ళు పచ్చగా నిండాయి.

మరుసటి నాట్లకు మాయ్తా లేడు. పాట మాత్రం ఉంది.

ఆ చిన్న వాద్యాన్నే చరాంగో అన్నారట. ఈనాటికీ ఆ కొండల్లో కొత్త చరాంగోను ముందు ఊట దగ్గరికే తీసుకుపోతారని చెప్పుకుంటారు. చస్కాను ఎందుకమ్మ అని పిలవడం ఊరు మానలేదు, ఆమె అడగడమూ మానలేదు. అడిగాక మాత్రం ఎదురుగా చతికిలబడి, చెప్పేవాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినేది.

అందుకే పిల్లలూ, ప్రశ్న అడిగితే సగమే చేతికొస్తుంది. ఓపికగా విన్నవాళ్ళకే మిగతా సగం దక్కుతుంది.