మేడిచెట్టు మూటలు దించిన పెంచలమ్మ

అనగనగా అని అందరూ మొదలుపెడతారు. మా అవ్వ మాత్రం ఇలా మొదలుపెట్టేది: మీ తాతకు తాత ఉయ్యాలలో ఉన్నప్పుడు, ఆ ఉయ్యాల ఊపిన అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన కథ ఇది. ఏ ఏడు జరిగిందని అడక్కండి. జరిగింది, అంతే.

వాగొడ్డున ఏడిళ్ళ పల్లె. ఏడిళ్ళకూ కలిపి పన్నెండు ఆవులు, ఒకటే మంద. ఆ పల్లెలో పెంచలమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు. ముగ్గురు బిడ్డల్ని కన్నది, ముగ్గురూ ఏడుపు వినిపించకుండానే పోయారు. తెల్లారితే ఏడు దొడ్లూ ఊడ్చేది, పేడ ఎత్తేది, పిడకలు కొట్టేది. ఆవు ఈనే వేళకు అందరూ పిలిచేది ఆమెనే. కడుపులో అడ్డం తిరిగిన దూడను చేత్తో సరిచేసి బయటికి లాగేది. అందుకు కూలి ఒక ముంత జున్నుపాలు.

ఆ పల్లెకు ఒక ఆనవాయితీ ఉంది. ఆవు ఈనాక పడిన మాయను గడ్డిలో చుట్టి, మూట కట్టి, వాగొడ్డు మేడిచెట్టుకు వేలాడదీసేవాళ్ళు. మేడికి గాటు పెడితే పాలు కారతాయి కదా, ఆవు పొదుగూ అలాగే కారుతుందని నమ్మకం. మిట్టమధ్యాహ్నం మంద నీళ్ళు తాగి ఆ నీడలోనే పడుకునేది.

ఒక ఏడు పల్లెపెద్ద మాలకొండయ్య సంతలో ఒక తెల్లావును కొన్నాడు. అది ఏడో నెలలోనే ఈసుకుపోయింది. దూడ నెలలు నిండకుండా చచ్చి పడింది. కొత్త చోటు పడలేదులే అనుకున్నారు. పాలు ఎండిపోకూడదని ఆ మాయకూ పసుపు పూసి, మూట కట్టి, చెట్టుకు వేలాడదీశారు.

మరుసటి ఏడాది మూడు ఆవులు ఈసుకుపోయాయి. మూడు మూటలు చెట్టెక్కాయి. ఆ పై ఏడాది ఆరు ఆవులు. ఆరు మూటలు చెట్టెక్కాయి. పిల్లలకు పాలు లేవు, దున్నడానికి కోడెలు లేవు. దూడ అంబా అనని పల్లె ఎలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు.

మొదట గడ్డి అన్నారు. వానకు తడిసి బూజు పట్టిన వామిని తగలబెట్టారు. దూడలు చచ్చే పుట్టాయి. తర్వాత ఆబోతు అన్నారు. దాన్ని తోలేసి వేరేదాన్ని తెచ్చారు. దూడలు చచ్చే పుట్టాయి. ఆ తర్వాత దిష్టి అన్నారు. దొడ్డి దొడ్డికీ గుమ్మడికాయ కట్టారు. దూడలు చచ్చే పుట్టాయి.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. గడ్డి అయింది, ఆబోతు అయింది, దిష్టి అయింది. ఇక మిగిలింది పెంచలమ్మ. ముగ్గురు బిడ్డలు దక్కని చెయ్యి అది, ప్రతి ఆవు మీదా ఆ చెయ్యే పడుతోంది కదా అన్నారు. మాలకొండయ్య ఆమెను పిలిపించి నెమ్మదిగానే చెప్పాడు.

“నీ మీద కోపం లేదు పెంచలా. నీ చెయ్యే మంచిది కాదు. వాగవతల ఉండు.”

 బిడ్డలు పోయినప్పుడు పెంచలమ్మ తనకు తానే అనుకున్న మాట అది. ఇప్పుడు ఊరు ఊరంతా అనేసరికి నిజమే కాబోలు అనుకుంది. ఒకసారి జున్నుపాలకు బదులు కూలి కింద వచ్చిన కుంటిపెయ్య ఒకటి ఉండేది ఆమెకు, పేరు కెంపి; మందతో నడవలేక ఇంటి దగ్గరే మేసేది. చూడితో ఉన్న ఆ కెంపిని తోలుకుని వాగు దాటి, తాటాకులతో చిన్న పాక వేసుకుంది.

కెంపికి నెలలు నిండాయి. నొప్పులు మొదలయ్యాయి. పొద్దున పట్టిన నొప్పులు పొద్దు నడినెత్తికి వచ్చినా తగ్గలేదు. దూడ అడ్డం తిరిగింది. పెంచలమ్మ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. ముట్టుకుంటే చస్తుందని భయం. ముట్టుకోకపోతే రెండూ చస్తాయి. ఆఖరికి ఏడుస్తూనే చెయ్యి పెట్టింది, సరిచేసింది, లాగింది. దూడ కిందపడి, తుమ్మి, తల ఎత్తింది. పెంచలమ్మ తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. అంత ఏడుపు ఆమె తన బిడ్డలు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఏడుపయ్యాక కూర్చుని ఆలోచించింది. కెంపి తిన్నదీ ఆ వామి గడ్డే. కట్టిందీ ఆ ఆబోతే. పట్టిందీ ఈ చెయ్యే. మరి మందకు ఉండి దీనికి లేనిది ఏమిటి? మేడి నీడ ఒక్కటే. కాకులు ఆ మూటల్ని పొడవడం, అవి కారి గడ్డి మీద పడడం, ఆ గడ్డిని చూడి ఆవులు నాకడం ఆమె రోజూ ఊడుస్తూ చూసిందే.

దూడను భుజాన వేసుకుని వాగు దాటింది. మాలకొండయ్య వాకిట్లో దించింది.

“నా చెయ్యి మంచిదే పెద్దయ్యా. చెట్టు మీద మూటలు దించండి.”

“మా తాత కట్టాడు, మా నాయన కట్టాడు, నేనూ కట్టా. అప్పుడు చావని దూడలు ఇప్పుడెందుకు చస్తయ్?”

“వాళ్ళు కట్టినయ్యి బతికిన దూడల మాయలు. మీరు కట్టేయి చచ్చినవాటివి. ఆ చావే కారి గడ్డి మీద పడతా ఉంది.”

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని ఆయన విసుక్కున్నాడు. రెండోసారి వస్తే మొహం తిప్పుకున్నాడు. మూడోసారి వస్తే తలుపు వేసుకున్నాడు.

ఊరంతా కోతలకు పోయిన రోజు చూసి పెంచలమ్మ చెట్టెక్కింది. మూటలన్నీ దించింది. మోకాలి లోతు తవ్వింది, చాలదనిపించింది. నడుం లోతు తవ్వింది, చాలదనిపించింది. రొమ్ము లోతు తవ్వి, మూటలు వేసి, నత్తగుల్లలు కాల్చిన సున్నం పోసి పూడ్చింది. మేడి కింద గడ్డి చెక్కి, చుట్టూ ముళ్ళకంప కట్టింది. తాళ్ళు కోసుకుని, ముళ్ళు దిగి ఆమె చేతులు నెత్తురయ్యాయి, మూటల నుంచి కారింది ఆ గాయాలకు అంటుకుంది.

ఊరు తిరిగొచ్చి నానా తిట్లూ తిట్టింది. అయితే ఆ గుంత తవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కంప అలాగే ఉండిపోయింది. మంద వేరే నీడ వెతుక్కుంది.

నెల తిరక్కముందే పెంచలమ్మకు జ్వరం వచ్చింది. సాయంత్రం వచ్చేది, తెల్లారేసరికి చెమటలు పోసి తగ్గేది. పోయిందనుకుంటే మళ్ళీ వచ్చేది. కీళ్ళు పట్టేశాయి. వాగు దాటి ఎవరూ వెళ్ళలేదు. ఆమే గట్టు దాకా వచ్చి, నీళ్ళ కోసం వచ్చిన ఆడవాళ్ళను అడిగేది.

“ఎవరిదన్నా ఆవు ఈనిందా?”

ఇంకా లేదన్నారు. జ్వరం తగ్గి మళ్ళీ వచ్చాక ఇంకోసారి అడిగింది. ఇంకా లేదన్నారు. మూడోసారి జ్వరం వచ్చాక ఆమె గట్టు మీదికి రాలేదు. ఏమైందని కూడా ఎవరూ అడగలేదు.

ఒక పొద్దున మాలకొండయ్య ఆవు గౌరి ఈనింది. దూడ కిందపడి, తుమ్మి, తల ఎత్తింది. ఆయన ముంత నిండా జున్నుపాలు పితికి, ఎవరితోనూ చెప్పకుండా, మొలలోతు నీళ్ళలో వాగు దాటాడు. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాడు. పాకలో పెంచలమ్మ ఒళ్ళు చల్లబడి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది ఆయన పని. ఆమెను ఆ గుంత పక్కనే మట్టి చేసి, జున్నుపాలు ఆ మట్టి మీద పోసి, అనాలనుకున్న మాట అప్పుడు అన్నాడు. ఆ ఏడాది తొమ్మిది ఆవులు ఈనాయి. తొమ్మిది దూడలూ లేచి నిలబడ్డాయి.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మాయను చెట్టుకు కట్టరు. చేతులకు మోదుగాకులు చుట్టుకుని, రొమ్ము లోతు గుంత తీసి, సున్నం పోసి పూడుస్తారు. ఈసుకుపోయిన ఆవునూ, సంతలో కొన్న ఆవునూ కొన్నాళ్ళు మందలో కలపరు. దూడ బతికి పుడితే మొదటి జున్నుపాలు గుంత మీద పోసి, ఇంటిల్లిపాదీ నిలబడి మూడుసార్లు అంటారు: “నీ చెయ్యి మంచిదే పెంచలమ్మా.” బతికుండగా ఆ మాట ఒక్కసారి వింటే ఆమెకు చాలేది.