భైరవయ్యగారి సగం మీసం

నరేంద్రభూపతికి ఆ పొద్దు సభలోకి వస్తూనే ఒక ఆలోచన తట్టింది.

"అంతఃపురంలో ఆరుగురు అమ్మాయిలు అలంకరణ విద్య నేర్చి, నిన్ననే గురువమ్మ చేతుల మీదుగా దంతపు దువ్వెనలు అందుకున్నారట. కొత్తగా పనిలో చేరే ఇలాంటివాళ్ళకి తక్కువలో తక్కువ ఎంత జీతం ఉండాలి? మధ్యాహ్నంలోగా తేల్చండి. పొరుగుదేశపు రాయబారి వచ్చాడంటే నాకు తీరిక ఉండదు," అన్నారు.

కోశాధికారి భైరవయ్య లేచాడు. ఈయనగారికి లోకంలో రెండింటి మీదే ప్రాణం. ఒకటి ఖజానా తాళం, రెండోది తన మీసం.

"జీతమెందుకు ప్రభూ? రెండుపూటలా ఇంత కూడు పడేస్తే చాలదూ? రంగు పులమడం, జుట్టు దువ్వడం ఎవరైనా చేసే పనేగా."

సింహాసనం పక్కన రాజుగారి అద్దం పట్టుకుని నిలబడ్డ బుచ్చన్నకి ఒళ్ళు మండింది. ఆ ఆరుగురిలో ముత్యాలు వాళ్ళ వీధి పిల్ల. జీతం లేదంటే రేపట్నుంచి మళ్ళీ వడ్లు దంచుకోవాలి. రెండేళ్ళు కష్టపడి నేర్చింది రోట్లో పోసినట్టే. అయినా బుచ్చన్న ముఖాన నవ్వు చెదరనివ్వలేదు.

"అయ్యగారు చెప్పాక తిరుగేముంది? ఎటూ ఊరికే చేసే పనే కదా. రాయబారి వచ్చేలోగా ముత్యాలుని పిలిపించి తమరి మీసం సంగతి చూడమందామా? కాస్త నెరిసినట్టుంది."

'ఊరికే' అన్న మాట చెవిన పడ్డమే ఆలస్యం, భైరవయ్య పీట వేయించుకుని కూర్చున్నాడు.

ముత్యాలు వచ్చింది. గోరువెచ్చని నూనె రాసింది, కత్తెరతో కొస సవరించింది, సన్నటి కుంచెతో నల్లరంగు ఎక్కించింది. కుడివైపు మీసానికి పదేళ్ళు తగ్గాయి. సభంతా మెడలు చాచి చూసింది.

అంతలో కోటవాకిట నగారా మోగింది. రాయబారి పల్లకీ దిగుతున్నాడు.

"ఇక చాలమ్మా," అన్నాడు బుచ్చన్న. ముత్యాలు పెట్టె మూసేసింది.

"అదేమిటి? ఎడమవైపో?"

బుచ్చన్న అద్దం ఎత్తి పట్టాడు. అటు కారునలుపు, ఇటు సున్నపు తెలుపు.

"ఎవరైనా చేసే పనేనని తమరే సెలవిచ్చారు. కుంచె ఇదిగో, తమరే కానివ్వండి."

భైరవయ్య పౌరుషానికి పోయి కుంచె లాక్కున్నాడు. అద్దంలో చూస్తూ ఇటు అనుకుంటే చెయ్యి అటు పోయింది. మీసానికి తప్ప ముక్కుకీ, బుగ్గకీ, గడ్డానికీ రంగు అంటింది. రాజుగారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ముత్యాలూ, రా తల్లీ. నెలకో వరహా ఇస్తాను."

ముత్యాలు బుచ్చన్నవైపు చూసింది. బుచ్చన్న అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"సరే, రెండు."

వసారాలో అడుగుల చప్పుడు వినిపించింది.

"మూడు వరహాలు, ఏడాదికి రెండుజతల బట్టలు. కూడు వేరే."

"ముత్యాలు ఒక్కతెకేనా అయ్యగారూ?"

"ఆరుగురికీనయ్యా. ఇకమీదట వచ్చేవాళ్ళకీను. ముందు ఆ అద్దం దించు."

"రాసుకోండి," అన్నారు రాజుగారు లేఖకుడితో. "తక్కువలో తక్కువ మూడు వరహాలు. కోశాధికారిగారి నోటిమాట. రాయబారిని ఒక్క క్షణం ఆపండి."

ముత్యాలు ఎడమ మీసం చకచకా పూర్తిచేసి లేచింది.

"మరి ముక్కు మీదిదో?" అన్నాడు భైరవయ్య.

"అది నా పని కాదు దొరా, తమరి పనితనం. చెరపాలంటే దానికి వేరే ఇవ్వాలి."

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకుని, తన వేలి ఉంగరం తీసి బుచ్చన్న చేతిలో పెట్టారు. భైరవయ్య బొడ్లో డబ్బుసంచీ తడుముకున్నాడు.